అప్‌డేట్: ఏటీవీ బ్రేక్ లివర్ గట్టిపడింది

నర్సంపేట దగ్గర మా పత్తి చేనుకు వాడే ఏటీవీకి (ఎగుడుదిగుడు నేల మీద నడిచే నాలుగు చక్రాల బండి) బ్రేక్ ఆయిల్ మార్చాక ముందు బ్రేక్ లివర్ హ్యాండిల్‌కు తగిలేంత మెత్తగా వస్తోందని అడిగాను కదా, ఇప్పుడు సరైంది.

తప్పు నాదే. ఆయిల్ వదులుతుండగా పైన ఉండే ఆయిల్ డబ్బా ఖాళీ అయ్యి మాస్టర్ సిలిండర్‌లోకి (లివర్ నొక్కితే ఆయిల్ను బ్రేకులకు తోసే భాగం) గాలి పోయింది. చక్రాల దగ్గర గాలి ఎంత తీసినా లాభం లేకపోయింది. మీలో ఒకరు చెప్పినట్టు మాస్టర్ సిలిండర్ దగ్గరి పైపు బోల్టుకు గుడ్డ చుట్టి, లివర్ నొక్కి పట్టి కొంచెం వదులు చేస్తే బుడగలు బుసబుసా వచ్చాయి. లివర్ వదలకముందే బిగించాలి, లేకపోతే గాలి మళ్లీ లోపలికి పోతుంది. తర్వాత రెండు కాలిపర్ల (చక్రం దగ్గర బ్రేక్ పట్టే భాగాలు) నిపుల్స్, అంటే గాలి తీసే చిన్న బోల్టుల దగ్గరా అలాగే చేశాం. లివర్ తమ్ముడు నొక్కాడు, పానా నేను పట్టుకున్నాను.

పాత ఆయిల్ డికాషన్ రంగులో ఉంది. వానాకాలమంతా వాగు దాటించాం మరి. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. అందుకే సీల్ తీయని కొత్త డబ్బానే వాడాను.

చేని బాటలో మెల్లగా నడిపి చూశాను, బాగా పడుతోంది. సలహా ఇచ్చిన అన్నలందరికీ చాలా థ్యాంక్స్.