ఇరానీ చాయ్ డికాక్షన్ వగరెక్కుతోంది, తప్పు ఎక్కడ?

హైదరాబాద్ ఇరానీ చాయ్ ఇంట్లో పెడుతున్నాను. అర లీటరు నీళ్లలో 3 చెంచాల డస్ట్ టీపొడి, 2 చెంచాల చక్కెర వేసి, మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అంటించి, సన్నసెగ మీద 30 నిమిషాలు దమ్ పెడుతున్నా. పక్క పొయ్యి మీద లీటరు చిక్కటి పాలు, అడుగంటకుండా కలుపుతూ సగం అయ్యేదాకా మరిగిస్తున్నా. అల్లం వేయను, వేస్తే అది వేరే చాయ్.

రంగు బాగానే వస్తోంది, ఇటుక రంగు. కానీ రెండో గుటకకే నాలుక పట్టేసే వగరు. 15 నిమిషాలకే దించితే వగరు పోతుంది గానీ, పాలు పోయగానే టీ రుచి తేలిపోతోంది. డస్ట్ మానేసి పలుకు టీపొడి వాడాలా, పొడి తగ్గించి దమ్ అంతే ఉంచాలా? పిండి పగిలి ఆవిరి పోయి డికాక్షన్ ముదురుతోందా? హోటల్లో చాయ్ కాచినవాళ్లెవరైనా ఉంటే కొలతలతో చెప్పండి.