ఎన్టీఆర్ 1985లో మూడు చోట్ల గెలిచారు కదా, ఏ సీటు లెక్కలోకి వస్తుంది?

కొల్లేటిగట్టు (ప్రశ్న)

ఎన్టీ రామారావు గారి రాజకీయ జీవితం మీద ఒక పట్టిక తయారు చేస్తున్నాను. ముఖ్యమంత్రిగా ఉన్న తేదీలు తేలిగ్గానే కుదిరాయి. నియోజకవర్గాల దగ్గరే చిక్కు పడింది. 1983లో గుడివాడ, తిరుపతి రెండూ గెలిచారు. 1985లో గుడివాడ, హిందూపురం, నల్గొండ మూడూ గెలిచారు. 1989లో హిందూపురం గెలిచి కల్వకుర్తి ఓడారు. 1994లో హిందూపురం, టెక్కలి రెండూ గెలిచారు. ఒకే ఎన్నికకు ఒక్కో జాబితాలో ఒక్కో ఊరు కనిపిస్తోంది. నా సందేహాలు మూడు: ఒకే మనిషి అప్పట్లో మూడు చోట్ల ఎలా నిలబడగలిగారు? అదనపు సీట్లు వదులుకోవడానికి గడువెంత? పట్టికలో ఏ ఊరు రాయాలి?

శాసనసభ పాఠకుడు

కొల్లేటిగట్టు గారూ, ముందు మీ మూడో ప్రశ్న తీసుకుందాం, పట్టిక తప్పుతున్నది అక్కడే. "గెలిచిన స్థానం", "నిలుపుకున్న స్థానం" అని రెండు గడులు పెట్టండి. గెలిచిన ప్రతి చోటా ఎన్నికల సంఘం ఫలితాల్లో ఆయన పేరే విజేతగా ఉంటుంది, అది తప్పు కాదు. కానీ ఒక సభలో ఒక మనిషికి ఒకే సీటు. 1985కి మొదటి గడిలో మూడు ఊళ్లూ రాయండి, రెండో గడిలో హిందూపురం ఒక్కటే. గుడివాడ, నల్గొండలకు ఆ తర్వాత ఉప ఎన్నికలు జరిగాయి. 1989లో కల్వకుర్తిలో కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడారు కాబట్టి అక్కడ వదులుకునే ప్రశ్నే లేదు. 1994లో టెక్కలి వదిలి హిందూపురం ఉంచుకున్నారు. 1996 జనవరి 18న ఆయన కన్నుమూశాక హిందూపురం ఖాళీ అయింది. అక్కడి ఉప ఎన్నికలో గెలిచింది హరికృష్ణ.

మూడు చోట్ల ఎలా అంటే, అప్పటికి చట్టంలో లెక్క లేదు. మూడు కాదు, ఎన్నిచోట్లయినా నామినేషన్ వేయొచ్చు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 33వ సెక్షన్‌కు ఏడో ఉపసెక్షన్ చేర్చి రెండుకు కుదించింది 1996 సవరణ. అది 1996 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది. అంటే ఆయన పోటీ చేసిన ఏ ఎన్నికకూ ఈ పరిమితి వర్తించలేదు.

ఆ పరిమితి ఒక్కో సభకు విడివిడిగా ఉంటుంది, దీన్ని చాలామంది గమనించరు. రెండు అసెంబ్లీ సీట్లతో పాటు అదే సమయంలో లోక్‌సభకు కూడా నిలబడొచ్చు. 2014లో కేసీఆర్ గజ్వేల్ అసెంబ్లీ, మెదక్ లోక్‌సభ రెండూ గెలిచి మెదక్ వదిలారు. అక్కడ సెప్టెంబరులో ఉప ఎన్నిక జరిగింది.

రూల్ 91

గడువు సంగతి నేను చెబుతాను. ఇందులో పొరపాటు పడితే ఉన్నదీ పోతుంది.

ఒకే సభలో ఒకటికి మించి గెలిస్తే అదే ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 70వ సెక్షన్ వర్తిస్తుంది. గడువు 14 రోజులని ఎన్నికల నిర్వహణ నియమాల్లో 91వ నియమం చెబుతుంది. ఆ 14 రోజులు ప్రమాణ స్వీకారం రోజు నుంచో, గెజిట్‌లో పేరు వచ్చిన రోజు నుంచో లెక్కపెడతారు కొందరు. అది తప్పు. రిటర్నింగ్ అధికారి ఫలితం ప్రకటించిన తేదీనే ఎన్నికైన తేదీ. రెండు చోట్ల వేర్వేరు రోజుల్లో ప్రకటిస్తే, చివరి తేదీ నుంచి లెక్క. ఈలోగా ఒకటి మినహా మిగతావాటికి రాజీనామా ఇవ్వకపోతే ఒక్కటి కూడా మిగలదు, గెలిచినవన్నీ ఖాళీ అయిపోతాయి. ఏది ఉంచాలో చట్టం తనంతట తాను ఎంచదు.

రాజీనామా సొంత చేతి సంతకంతో స్పీకర్‌కు ఇవ్వాలి. "కొత్త సభ ఇంకా కూడలేదు, స్పీకర్ ఎక్కడున్నారు?" అని అడుగుతుంటారు. సభ రద్దయినా పాత స్పీకర్ పదవి పోదు. కొత్త సభ తొలిసారి కూడేముందు దాకా ఆయనే స్పీకర్, రాజ్యాంగం 179వ అధికరణ ఆ మాట స్పష్టంగా చెబుతుంది. కాబట్టి సభ కోసం ఆగి రోజులు పోగొట్టుకోనక్కర్లేదు.

అసెంబ్లీ, లోక్‌సభ రెండూ గెలిస్తే నియమం వేరు. అక్కడా 14 రోజులే గానీ, గెజిట్ ప్రచురణ నుంచి లెక్క. ఈలోగా అసెంబ్లీ సీటు వదలకపోతే లోక్‌సభ సీటు పోతుంది. రెండు లెక్కలనూ కలిపేయకండి.

ఖాళీ అయిన చోట ఆరు నెలల్లోపు ఉప ఎన్నిక పెట్టాలన్న 151ఏ సెక్షన్ కూడా 1996 సవరణతోనే వచ్చింది. 1985 నాటి ఉప ఎన్నికలకు దాన్ని అంటగట్టకండి.

కొల్లేటిగట్టు

చాలా స్పష్టంగా ఉందండీ, ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంకొక్కటి. సొంత ఊరు కాని చోట, అదీ రెండు చోట్ల నామినేషన్ వేసేటప్పుడు కాగితాల్లో తేడా ఏమైనా ఉంటుందా? పట్టిక కింద ఒక వివరణ రాద్దామని.

నామినేషన్ బల్ల

ఉంటుంది. అసెంబ్లీకి 2బి ఫారం. "రెండుకు మించి నియోజకవర్గాల్లో నామినేషన్ వేయలేదు, వేయను" అని అందులోనే ప్రకటించాలి. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు, స్వతంత్రుడికి పదిమంది కావాలి. వాళ్లంతా ఆ నియోజకవర్గం ఓటర్లే అయి ఉండాలి. ఒక చోట వేసిన కాగితాలు రెండో చోట పనికిరావు. ఆస్తులు, కేసుల వివరాలుండే 26వ నంబరు ఫారం అఫిడవిట్‌తో సహా రెండు చోట్లా విడివిడిగా పెట్టాలి. ఒక్కో చోట నాలుగు సెట్ల దాకా వేయొచ్చు, ఎన్ని వేసినా ఆ చోటికి ఒకటే ధరావతు (డిపాజిట్).

అభ్యర్థి ఆ రాష్ట్రంలో ఎక్కడో ఒకచోట ఓటరైతే చాలు. అయితే ఓటు వేరే నియోజకవర్గంలో ఉంటే ఓటర్ల జాబితాలో తన పేరున్న పుట ధ్రువీకృత నకలు జతచేయాలి. నామినేషన్‌తో ఇవ్వకపోతే పరిశీలన రోజు చూపించాలి. ఇక్కడే కొందరి నామినేషన్లు పోతాయి, జిరాక్స్ చాలదు. 2014 తర్వాత ఇంకో సంగతి కూడా ఉంది: తెలంగాణలో ఓటున్నవారు ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకి నిలబడలేరు, అటువాళ్లు ఇటూ నిలబడలేరు. లోక్‌సభకు ఆ అడ్డు లేదు.

ధరావతు ఇప్పుడు అసెంబ్లీకి 10,000, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 5,000. ఎన్టీఆర్ 1985లో మూడు చోట్ల నిలబడ్డప్పుడు అది 250 రూపాయలే. సాధారణ ఎన్నికల్లో ఒకే సభకు ఒకటికి మించిన చోట్ల బరిలో ఉంటే తిరిగొచ్చేది ఒక్క ధరావతే, అన్ని చోట్లా గెలిచినా సరే. మిగతాది ప్రభుత్వ ఖాతాకే. ప్రజాప్రాతినిధ్య చట్టం 158వ సెక్షన్ చూడండి.

ఖర్చు పుస్తకం కూడా చోటుకొకటి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అసెంబ్లీ సీటుకు పరిమితి 2022 జనవరి నుంచి 40 లక్షలు. ఒకచోట మిగిలింది ఇంకోచోట వాడుకోవడం కుదరదు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో రెండు లెక్కలూ జిల్లా ఎన్నికల అధికారికి చేరాలి. ఓడిన చోట లెక్క ఇవ్వకుండా వదిలేస్తే మూడేళ్ల అనర్హత దాకా వెళ్తుంది. గెలిచిన సంబరంలో ఆ రెండో పుస్తకం మీద ఎవరికీ ధ్యాస ఉండదు.

శాసనసభ పాఠకుడు

ముఖ్యమంత్రి గడులు కూడా ఒకసారి సరిచూసుకోండి. 1983 జనవరి 9న ప్రమాణం చేశారు. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ తొలగించారు. నాదెండ్ల భాస్కరరావు ప్రభుత్వం నెల రోజులు నడిచాక, సెప్టెంబరు 16న శంకర్ దయాళ్ శర్మ గవర్నర్‌గా ఉండగా ఎన్టీఆర్ మళ్లీ వచ్చారు. 1983–89 అని ఒకే గీత గీస్తే ఆ నెల మాయమైపోతుంది. ఆ రోజుల్లో ఆయన పోగొట్టుకున్నది ముఖ్యమంత్రి పదవి మాత్రమే, ఎమ్మెల్యే సభ్యత్వం కాదు. పార్టీ మారిన సభ్యులపై అనర్హత వేటు ఎందుకు పడలేదని ఎవరైనా అడిగితే, ఫిరాయింపులను అడ్డుకునే రాజ్యాంగం పదో షెడ్యూలు అమల్లోకి వచ్చింది 1985 మార్చిలో. చివరి గడి 1994 డిసెంబరు 12 నుంచి 1995 సెప్టెంబరు 1 దాకా.