దొర్లే వస్తువు గతిజ శక్తిని ఏ బిందువు నుంచి లెక్కించాలి?

ఎంపీసీ_సందేహి:

అందరికీ నమస్కారం. నేను ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. జారకుండా దొర్లే వస్తువు గతిజ శక్తిని మా కళాశాల అధ్యాపకులు రెండు భాగాలుగా రాయించారు. ద్రవ్యరాశి కేంద్రం ముందుకు సాగడం వల్ల వచ్చే ½ ఎం వి² మొదటిది (ఎం ద్రవ్యరాశి, వి కేంద్రం వేగం), ఆ కేంద్రం గుండా పోయే అక్షం చుట్టూ తిరగడం వల్ల వచ్చే ½ ఐ ఒమేగా² రెండోది (ఐ జడత్వ భ్రామకం, అంటే తిరగడానికి వస్తువు చూపే నిరోధం, ఒమేగా కోణీయ వేగం). కోచింగ్‌లో సారు మాత్రం మొదటి భాగాన్ని రాయనే లేదు. నేలను తాకే బిందువు గుండా పోయే అక్షానికి సమాంతరాక్ష సిద్ధాంతంతో (కేంద్రం గుండా పోయే అక్షపు విలువ నుంచి సమాంతరమైన మరో అక్షపు విలువను ఇచ్చే సూత్రం) జడత్వ భ్రామకం కనుక్కొని, ఒకే ఒక్క ½ ఐ ఒమేగా² తో లెక్క ముగించారు. రెండు దారుల్లోనూ పలుచని కంకణానికి ఎం వి², బిళ్ళకు ¾ ఎం వి² వస్తున్నాయి.

జవాబు కలుస్తోంది కాబట్టి రెండూ సరైనవేనని ఒప్పుకుంటాను, కానీ ఎందుకు కలుస్తోందో అర్థం కావడం లేదు. కంకణం మీద అన్నింటికంటే పైనున్న బిందువును తీసుకుంటే దాని వేగం 2వి, దాని గుండా పోయే అక్షానికి జడత్వ భ్రామకం 2 ఎం ఆర్² (ఆర్ వ్యాసార్థం). మొదటి పద్ధతిలాగే రెండు పదాలూ కూడితే 2 ఎం వి², ఎం వి² కలిసి 3 ఎం వి² అవుతుంది. ఇది అసలు విలువకు మూడు రెట్లు. కింది బిందువుకు ఉన్న హక్కు పై బిందువుకు ఎందుకు లేదు?

దీనికి ఆనుకొని మరో సందేహం కూడా ఉంది. దొర్లేటప్పుడు ఘర్షణ పని చేయదని పుస్తకంలో ఉంది. వస్తువును తిప్పే టార్క్ మాత్రం ఘర్షణ వల్లనే వస్తుందని అదే పేజీలో ఉంది. పని చేయని బలం భ్రమణ శక్తిని ఎలా ఇవ్వగలదు?

విశ్రాంత_బోధకుడు:

మీరు పై బిందువును కూడా పరీక్షించి చూడడం చాలా మంచి పని. చాలామంది విద్యార్థులు రెండు సూత్రాలనూ కంఠస్థం చేసి ఊరుకుంటారు, అందువల్ల ప్రశ్నలో ఆకారం కొంచెం మారగానే తడబడతారు.

మొదట ఒక విషయాన్ని స్థిరపరచుకుందాం. గతిజ శక్తి అంటే వస్తువులోని ప్రతి కణానికీ ½ × ద్రవ్యరాశి × వేగ వర్గం రాసి అన్నింటినీ కూడగా వచ్చే మొత్తం, అంతే. స్థానాంతర శక్తి, భ్రమణ శక్తి అనే విభజన ప్రకృతిలో లేదు, అది మన లెక్క సౌలభ్యం కోసం చేసుకున్నది. కాబట్టి ఏ విభజననైనా ఆ మొత్తంతో సరిచూడాలి.

ఇప్పుడు వస్తువులో మీకు నచ్చిన ఏదో ఒక బిందువును తీసుకోండి. ఏ కణం వేగాన్నైనా ఆ బిందువు వేగం, ఆ బిందువు దృష్ట్యా కణానికి ఉన్న సాపేక్ష వేగం అనే రెండు సదిశల మొత్తంగా రాయవచ్చు. ఈ మొత్తాన్ని వర్గం చేస్తే రెండు కాదు, మూడు పదాలు వస్తాయి. మొదటిది బిందువు వేగం వల్ల వచ్చే ½ ఎం వి². చివరిది ఆ బిందువు చుట్టూ తిరగడం వల్ల వచ్చే ½ ఐ ఒమేగా². మధ్యలో మూడోది ఒకటి మిగులుతుంది. అది మొత్తం ద్రవ్యరాశి, ఎంచుకున్న బిందువు వేగం, ఆ బిందువు దృష్ట్యా ద్రవ్యరాశి కేంద్రానికి ఉన్న సాపేక్ష వేగం, ఈ మూడింటి గుణకారం, అందులో వేగాలు రెండింటికీ అదిశా లబ్ధం (వ్యతిరేక దిశలైతే రుణాత్మకం) తీసుకోవాలి. మీ లెక్కలో తప్పిపోయినది ఈ మధ్య పదమే.

ద్రవ్యరాశి కేంద్రాన్నే ఎంచుకుంటే, తన దృష్ట్యా తన సాపేక్ష వేగం సున్నా కనుక మధ్య పదం అంతరించి రెండు పదాలే నిలుస్తాయి. మీ కళాశాల అధ్యాపకులు రాయించినది ఇదే, దీనిని కోనిగ్ సిద్ధాంతం అంటారు. ఆ క్షణంలో నిశ్చలంగా ఉన్న బిందువును ఎంచుకుంటే, దాని వేగమే సున్నా కనుక మొదటి పదమూ మధ్య పదమూ రెండూ పోయి చివరి పదం ఒక్కటే మిగులుతుంది. కోచింగ్‌లో చెప్పినది అది. పై బిందువుకు ఈ రెండు సౌకర్యాలూ లేవు. దాని వేగం ముందుకు 2వి, దాని దృష్ట్యా కేంద్రం వెనక్కి వి వేగంతో వెళుతోంది, కాబట్టి మధ్య పదం −2 ఎం వి². మీకు వచ్చిన 3 ఎం వి² కు దీనిని కలపండి, ఎం వి² వస్తుంది. బిళ్ళతో కూడా సరిచూసుకోవచ్చు: 2 + ¾ − 2 = ¾. కనుక పై బిందువును తీసుకోవడానికి అభ్యంతరమేమీ లేదు, అయితే మూడు పదాలూ రాయాల్సి వస్తుంది.

నేలను తాకే బిందువు నిశ్చలంగా ఉంటుందంటే నమ్మబుద్ధి కాకపోతే, వేగంగా వెళుతున్న సైకిల్ చక్రం ఫొటోను గమనించండి. కెమెరా కదలకుండా తీసిన ఫొటోలో నేల దగ్గరి పుల్లలు స్పష్టంగా, పైభాగంలోని పుల్లలు చెరిగిపోయినట్లుగా కనిపిస్తాయి. నిశ్చలమంటే ఆ ఒక్క క్షణానికే సుమా. మరుక్షణం ఆ స్థానంలోకి అంచు మీది మరో బిందువు వస్తుంది, అందుకే ఆ అక్షాన్ని తాత్క్షణిక భ్రమణాక్షం అన్నారు.

వర్క్‌షాప్_మెకానికల్:

ఘర్షణ గురించిన రెండో సందేహానికి నేను జవాబు రాస్తాను.

బలం చేసే పనిని లెక్కించేటప్పుడు, ఆ బలం ఏ బిందువు మీద పనిచేస్తోందో ఆ బిందువు కదలికను చూడాలి. స్థైతిక ఘర్షణ (జారకుండా పట్టి ఉంచే ఘర్షణ) పనిచేసే చోటు నేలను తాకే బిందువు, దాని వేగం సున్నా అని పై సమాధానంలో చూశారు. కనుక ఘర్షణ చేసే మొత్తం పని సున్నా. అయితే ఈ సున్నా రెండు సమానమైన వ్యతిరేక రాశుల మొత్తం. ద్రవ్యరాశి కేంద్రం వాలు వెంట ఎస్ దూరం దిగితే, ఘర్షణ ఎఫ్ దాని ముందుకదలిక నుంచి ఎఫ్ ఎస్ తీసివేస్తుంది. అదే సమయంలో ఎఫ్ ఆర్ అనే టార్క్ వస్తువును ఎస్/ఆర్ కోణం తిప్పుతూ భ్రమణంలోకి అంతే ఎఫ్ ఎస్ చేరుస్తుంది. శక్తిని ఇచ్చేది గురుత్వాకర్షణే, ఘర్షణ ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు బదిలీ మాత్రం చేస్తుంది.

అంకెలతో చూస్తే ఇది మరింత తేటపడుతుంది. 1 కిలోగ్రాము వస్తువు 1 మీటరు ఎత్తు దిగితే పోయే స్థితిజ శక్తి 9.8 జౌల్‌లు. పలుచని కంకణమైతే అందులో సరిగ్గా సగం, 4.9 జౌల్‌లు, భ్రమణానికి వెళ్తాయి. ఘన గోళంలో ఏడింట రెండు వంతులు, అంటే 2.8 జౌల్‌లే భ్రమణానికి వెళ్ళి 7 జౌల్‌లు ముందుకదలికకు మిగులుతాయి. అడుగున చేరేసరికి కంకణం వేగం సెకనుకు 3.13 మీటర్లు, బోలు గోళానికి 3.43, బిళ్ళకు 3.61, ఘన గోళానికి 3.74. ఘర్షణ లేకుండా జారే దిమ్మె అయితే 4.43. ఈ వేగాల్లో ద్రవ్యరాశి, వ్యాసార్థం, వాలు కోణం ఏవీ లేవు. ద్రవ్యరాశి అక్షం నుంచి ఎంత దూరంగా పరుచుకుని ఉందో, దానిని వ్యాసార్థంతో పోల్చిన నిష్పత్తి ఒక్కటే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. అందుకే గోలీ కాయ, ఇనుప ఫిరంగి గుండు ఒకేసారి అడుగుకు చేరతాయి.

మా వృత్తిలో దీని ప్రయోజనం చక్రాల రూపకల్పనలో కనిపిస్తుంది. సైకిల్ చట్రంలో చేరిన 1 కిలోగ్రాము ½ ఎం వి² మాత్రమే కోరుతుంది, అదే కిలోగ్రాము రిమ్ములోనో టైరులోనో చేరితే దాదాపు ఎం వి² కోరుతుంది. వేగం పెంచడానికి తొక్కేటప్పుడు అంచులోని బరువు రెండింతలుగా తెలుస్తుందన్న మాట. సమవేగంతో వెళ్తున్నప్పుడు ఈ తేడా ఉండదు, ఆ మాటను చాలా ప్రకటనలు చెప్పవు.

ఎంపీసీ_సందేహి:

ఇద్దరికీ ధన్యవాదాలు. మధ్య పదం సంగతి ఇప్పుడు స్పష్టమైంది. మరి వాలు బాగా నిటారుగా ఉండి ఘర్షణ చాలకపోతే ఏమవుతుంది? అలాగే త్వరణం కనుక్కోవడానికి కూడా నేలను తాకే బిందువు చుట్టూ టార్క్ = ఐ ఆల్ఫా (ఆల్ఫా కోణీయ త్వరణం) అని ఎప్పుడైనా రాయవచ్చా? కోచింగ్‌లో అన్ని లెక్కలూ అలాగే చేస్తున్నారు.

వర్క్‌షాప్_మెకానికల్:

ఘర్షణ చాలకపోతే వస్తువు జారుతూ దొర్లుతుంది. అప్పుడు తాకే బిందువు నిశ్చలం కాదు, గతిక ఘర్షణ నిజంగానే పని చేస్తుంది, కొంత శక్తి వేడిగా పోతుంది. జారకుండా ఉండాలంటే ఘర్షణ గుణకం కంకణానికి వాలు కోణపు టాంజెంట్‌లో సగమైనా, ఘన గోళానికి ఏడింట రెండు వంతులైనా ఉండాలి. 30 డిగ్రీల వాలు మీద ఇవి వరుసగా సుమారు 0.29, 0.165. అంటే గుణకం 0.2 ఉన్న ఒకే పలక మీద గోళం శుభ్రంగా దొర్లుతుంది, కంకణం జారుతుంది. రెంటికీ ఒకే సూత్రం వేసి పోల్చే లెక్కల్లో ఈ షరతును ముందే చూసుకోవాలి.

నెయ్యి_సీసా:

పాఠం నుంచి పక్కకు పోకుండా, ఇంట్లో చేసి చూడదగిన ఒక ప్రయోగం చెబుతాను. పలుచని ప్లాస్టిక్ సీసాలు రెండు తీసుకొని, రెండింటిలోనూ సమానంగా నెయ్యి పోసి, ఒకదానిని చలిలో పేరుకోనివ్వండి, రెండోదానిలో కరిగిన నెయ్యినే ఉంచండి. ఒకే వాలు పలక మీద ఒకేసారి వదిలితే కరిగిన నెయ్యి సీసా ముందు చేరుతుంది. పేరుకున్న నెయ్యి సీసాతో పాటే తిరగాలి కనుక అది ఘన స్తూపంలా ప్రవర్తించి, శక్తిలో మూడో వంతు భ్రమణానికి ఖర్చు చేస్తుంది. ద్రవంలో గోడను ఆనుకున్న పొర మాత్రమే తిరుగుతుంది, లోపలి భాగం దాదాపు తిరగకుండానే కిందికి సాగుతుంది. నెయ్యి బదులు నీళ్ళయితే ఆ పొర ఇంకా పలుచగా ఉండి తేడా పెరుగుతుంది. బరువు, ఆకారం, వ్యాసార్థం అన్నీ ఒకటే అయినా ఫలితం మారడం ఇందులోని విశేషం. జడత్వ భ్రామకం సూత్రంలోకి సీసా కొలతలు పెట్టే ముందు, లోపలిది నిజంగా తిరుగుతోందా అని అడగాలి.

మరో మాట. 1638లో వెలువడిన గ్రంథంలో గెలీలియో వర్ణించిన ప్రయోగంలో, సుమారు 12 మూరల పొడవున్న కర్రలో గాడి తొలిచి, నున్నని తోలుకాగితం అతికించి, కంచు గుండును దొర్లించాడు. దూరం కాలవర్గానికి అనులోమంగా ఉందని అతడు నిర్ధారించాడు, ఆ నిర్ధారణకు భ్రమణం ఏ హానీ చేయలేదు, ఎందుకంటే భ్రమణం త్వరణాన్ని ఒక స్థిర నిష్పత్తిలో తగ్గిస్తుందే తప్ప దానిని కాలంతో మార్చదు. కానీ అదే కొలతల నుంచి గురుత్వ త్వరణం విలువ రాబట్టాలంటే మాత్రం చదునైన పలక మీద ఘన గుండు త్వరణాన్ని తగ్గించే 5/7 గుణకం అడ్డు వస్తుంది. గుండు గాడి అంచుల మీద ఆని దొర్లితే, అది దొర్లే వ్యాసార్థం అసలు వ్యాసార్థం కంటే తక్కువ కాబట్టి ఆ గుణకం ఇంకా పడిపోతుంది. దొర్లే వ్యాసార్థం అసలు దానిలో 0.8 వంతు ఉందనుకుంటే గుణకం 0.71 నుంచి సుమారు 0.62కు దిగుతుంది.

విశ్రాంత_బోధకుడు:

మీ చివరి ప్రశ్నకు: లేదు, కొన్ని సందర్భాల్లోనే రాయవచ్చు. కంకణం, బిళ్ళ, గోళం వంటి వాటిలో ద్రవ్యరాశి కేంద్రం సరిగ్గా నడిమధ్యనే ఉంటుంది, అది నేలకు ఎప్పుడూ ఒకే ఎత్తులో సాగుతుంది, కనుక తాకే బిందువు చుట్టూ జడత్వ భ్రామకం మారదు, టార్క్ = ఐ ఆల్ఫా చెల్లుతుంది. మీ పాఠ్యపుస్తకంలోని లెక్కలన్నీ ఈ కోవలోవే, అందుకే కోచింగ్‌లో ఇబ్బంది రాలేదు.

కానీ ఎం ద్రవ్యరాశి గల పలుచని కంకణం అంచుకు దానిలో సగం ద్రవ్యరాశి గల చిన్న సీసపు ముక్కను అతికించి, సమతల నేల మీద దొర్లించారనుకోండి. ముక్క అడుగున ఉన్నప్పుడు తాకే బిందువు చుట్టూ జడత్వ భ్రామకం 2 ఎం ఆర్², పైన ఉన్నప్పుడు 4 ఎం ఆర్², పక్కన కేంద్రం ఎత్తులో ఉన్నప్పుడు 3 ఎం ఆర్². దొర్లుతున్నంతసేపూ ఇది మారుతూనే ఉంటుంది. శక్తి సూత్రానికి దీనితో పేచీ లేదు, ప్రతి క్షణంలోనూ గతిజ శక్తి అప్పటి ఐ తో రాసిన ½ ఐ ఒమేగా² అవుతుంది. కానీ ఆ శక్తి కోణంతో మారే రేటును తీస్తే, ఐ కూడా మారుతోంది కనుక ఐ ఆల్ఫాకు తోడు మరో పదం వస్తుంది. ఆ పదం విలువ, ఐ కోణంతో మారే రేటును ఒమేగా² తో గుణించి సగం చేసినంత.

ముక్క పైన ఉండగా దాదాపు నిశ్చల స్థితి నుంచి మొదలైతే, అది పక్కకు వచ్చేసరికి పోయిన స్థితిజ శక్తి ½ ఎం జీ ఆర్ (జీ గురుత్వ త్వరణం). దీనిని ½ × 3 ఎం ఆర్² × ఒమేగా² తో సమానం చేస్తే ఒమేగా² విలువ జీ/3ఆర్. ఆ క్షణంలో టార్క్ కూడా ½ ఎం జీ ఆర్ కనుక, కోచింగ్ పద్ధతిలో ఆల్ఫా జీ/6ఆర్ అని తేలుతుంది. అదనపు పదాన్ని కలిపి చేస్తే 2జీ/9ఆర్ వస్తుంది, అంటే అసలు కోణీయ త్వరణం మూడింట ఒక వంతు ఎక్కువ. ఇలాంటి లెక్క ఎదురైతే శక్తి సమీకరణం రాసి అవకలనం చేయండి, లేదా టార్క్‌ను ద్రవ్యరాశి కేంద్రం చుట్టూ తీసుకోండి. కేంద్రం ఎలా కదులుతున్నా టార్క్ = ఐ ఆల్ఫా దాని చుట్టూ చెల్లుతుంది. అయితే నేల చూపే అభిలంబ బలమూ ఘర్షణా రెండూ లెక్కలోకి వస్తాయి కనుక సమీకరణాలు కొన్ని పెరుగుతాయి.