పెద్దవాళ్లతో కెనడీ ఎయిర్‌పోర్టు పాత టెర్మినల్‌కి: వలంటీర్లు ఇక్కడ రాయండి

కార్యక్రమ బాధ్యత:
అందరికీ నమస్తే. ఈసారి మన సంఘం పెద్దవాళ్ల యాత్ర కెనడీ ఎయిర్‌పోర్టులోని పాత టీడబ్ల్యూఏ (ఒకప్పటి అమెరికా విమాన కంపెనీ) టెర్మినల్‌కే. "ఎయిర్‌పోర్టుకి పిక్నిక్ ఏమిటమ్మా, ఎవర్ని దింపడానికి?" అని అప్పుడే ఫోన్లు మొదలయ్యాయి. అడిగినవాళ్లకి ఇలా చెప్పండి: అక్కడ ఇప్పుడు విమానం ఎక్కేవాళ్లు లేరు. ఆర్కిటెక్ట్ ఈరో సారినెన్ గీసిన భవనం అది. 1962లో తెరిచారు, ఆయన మాత్రం చూడలేదు, అంతకు ముందు ఏడాదే పోయాడు. 2001లో మూతపడింది. 1994లోనే న్యూయార్క్ నగరం రక్షిత కట్టడంగా ప్రకటించింది కాబట్టి బతికిపోయింది. బాగుచేసి, వెనక గదుల బ్లాకులు కట్టి 2019లో హోటల్‌గా తెరిచారు. లాబీ చూడ్డానికి టికెట్ లేదు.

బస్సు డ్యూటీ:
అక్కా, బస్సు మాట్లాడమంటారా, ఎయిర్‌ట్రెయినా? క్వీన్స్‌లోని జమైకా స్టేషన్లో ఎక్కి టెర్మినల్ 5 దగ్గర దిగితే చాలు, కానీ జమైకాలో మారడం, ఎస్కలేటర్లు, మోకాళ్ల నొప్పులు... నాకు టెన్షన్‌గా ఉంది.

కార్యక్రమ బాధ్యత:
బస్సే తమ్ముడూ. డబ్బు కాస్త ఎక్కువైనా పరవాలేదు. కుర్రవాళ్లు కావాలంటే రైల్లో వచ్చి అక్కడ కలుస్తారు.

లోపల చూసుకునేవాళ్లకి అసలు సంగతి. మొన్న ఒకసారి చూసొచ్చాను. ఆ భవనంలో తిన్నని గీత దొరకదు. తెల్లటి చిన్న చిన్న గుండ్రటి టైల్స్ నేల మీద పరుచుకుంటూ వెళ్లి అలాగే వంపు తిరిగి పైకి లేస్తాయి. నేల ఎక్కడ అయిపోయిందో, గోడ ఎక్కడ మొదలైందో తెలీదు. చూడ్డానికి అద్భుతం, కానీ చూపు మందగించినవాళ్లకి అంచు కనపడదు. పైన నాలుగు కాంక్రీటు పెంకులు, వాటి మధ్య సందుల్లోంచి వెలుగు. ఆ బరువంతా ‘వై’ ఆకారపు నాలుగు స్తంభాలే మోస్తాయి. అందరూ పైకి చూస్తూ నడుస్తారు, మనం వాళ్ల కాళ్లు చూడాలి. ఎర్ర తివాచీ, ఎర్ర సోఫాలు ఉన్న పల్లపు లౌంజి ఉంది కదా, దాన్లోకి మెట్లు దిగాలి. అక్కడ ఇద్దరు తప్పకుండా నిలబడండి.

ఫొటోల టీమ్:
ఆ లౌంజిలోనే సన్మానం పెడదాం గారూ! బ్యానర్ కట్టి, శాలువాలు కప్పి, వెనకాల విమానాల టైములు చూపించే ఆ టకటకలాడే పాత బోర్డు వచ్చేలా గ్రూప్ ఫొటో. అదిరిపోతుంది.

కార్యక్రమ బాధ్యత:
బ్యానర్ వద్దు. అది నడుస్తున్న హోటల్, పక్కన ఎవరో కాఫీ తాగుతుంటే మనం మైకు పట్టుకుంటే బాగోదు. శాలువాలు బస్సులోనే కప్పేద్దాం. ఆ బోర్డు ముందు ఫొటో మాత్రం ఖాయం. ఇటలీలో ఉదీనే ఊరి సోలారి కంపెనీ బోర్డు అది. రెక్కలు తిరిగి అక్షరాలు మారుతుంటే, ఆ చప్పుడుకి పెద్దవాళ్లు కదలరు చూడండి. తొందరపెట్టి లాక్కెళ్లొద్దు.

భోజనాలు:
బయట విమానంలో బార్ ఉందట కదా. పెద్దవాళ్ల యాత్రలో బార్ ఏమిటండీ?

కార్యక్రమ బాధ్యత:
1958 నాటి లాక్‌హీడ్ కాన్‌స్టెలేషన్ విమానమండీ, పంకాలు తిరిగే రకం. తాగక్కర్లేదు, చుట్టూ తిరిగి చూడొచ్చు. ఎక్కాలంటే మెట్లున్నాయి, ఓపిక ఉన్నవాళ్లే. ఆ టెర్మినల్ డిజైన్ చేసింది కూడా అలాంటి విమానాల రోజుల్లోనే. తర్వాత 747 లాంటి పెద్ద జెట్ విమానాలు వచ్చాక జనానికీ సామానుకీ అది చాల్లేదు. అంత అందమైన భవనం పనికి ఇరుకైపోయింది, నా మటుకు నాకు అక్కడ చూడాల్సిన అసలు విషయం అదే. గైడులా అన్నీ చెప్పక్కర్లేదు, ఈ ఒక్కటి చెప్పండి చాలు.

పిల్లల టీమ్:
1965 అమెరికా వలస చట్టం తర్వాత వచ్చిన డాక్టర్లు, ఇంజనీర్లు మన లిస్టులో కొందరున్నారు. టీడబ్ల్యూఏ అప్పట్లో బొంబాయికి కూడా నడిపేది కదా. ఎవరెవరు ఆ విమానంలో వచ్చారో పిల్లల చేత అడిగించి రికార్డు చేయిస్తాం. పాత టికెట్టో, ఎర్ర టీడబ్ల్యూఏ బ్యాగో ఇంట్లో ఉంటే తెమ్మనండి. కానీ వాళ్లు ఇదే టెర్మినల్లో దిగారని మనం ముందే అనెయ్యకూడదు, వాళ్ల నోటే విందాం.

కార్యక్రమ బాధ్యత:
మంచి మాట. ఎయిర్‌హోస్టెస్‌ల పాత యూనిఫారాలు కూడా అక్కడ పెట్టారు, ఆడవాళ్లు అక్కడ ఆగుతారు, టైమ్ ఉంచండి. తెల్ల గోడలు, ఎర్ర తివాచీ ఉన్న పొడుగాటి గొట్టాల్లాంటి దారుల్లో కొంచెం ఏటవాలు ఉంది, వీల్‌చైర్ తోసేవాళ్లు బలమైనవాళ్లు కావాలి. పైన ఈతకొలను మన ప్లాన్లో లేదు, అడిగితే లేదనే చెప్పండి.

భోజనాలు:
సరే. తిరుగు దారిలో ఫ్లషింగ్ గణేశ్ గుడి క్యాంటీన్‌కి వెళ్దాం. దోసెలకి శనివారం లైను ఉంటుంది, ఇద్దరు ముందే వెళ్లి నిలబడాలి. బీపీ, షుగర్ మందులు వేసుకునేవాళ్ల కోసం పులిహోర, మజ్జిగ నేను తెస్తా.

కార్యక్రమ బాధ్యత:
తెండి, కానీ లాబీలో డబ్బాలు విప్పొద్దు, బస్సులోనే. వీల్‌చైర్లు ఎవరెవరికి కావాలో గురువారం రాత్రికల్లా ఇక్కడ రాయండి. మెట్ల దగ్గర నిలబడ్డానికి ఇంకా ఒకరే పేరిచ్చారు.

బస్సు డ్యూటీ:
రెండో మనిషిని నేను. దింపాక బస్సు ఎటూ ఖాళీనే.