స్కార్పియో పికప్‌కి ముందు జీపు హౌసింగ్ వేయించాలి, ఖర్చు ఎంతవుతుంది?

అన్నలూ, మాది కొరాపుట్ జిల్లా సుంకి. పొట్టంగి కొండల్లోంచి అల్లం బస్తాలు దించడానికి పాత ఫోర్ వీల్ (నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందేది) స్కార్పియో గెటవే పికప్ ఉంది. ముందుది టార్షన్ బార్ సస్పెన్షన్, అంటే స్ప్రింగు బదులు మెలితిరిగే కడ్డీ, రెండు చక్రాలూ విడివిడిగా ఊగుతాయి. రెండేళ్లలో ఎడమ వైపు డ్రైవ్ షాఫ్ట్ (ముందు చక్రాన్ని తిప్పే కడ్డీ) రెండుసార్లు మార్చాను, ఇక విసుగొచ్చింది. అది పీకేసి పాత మహీంద్రా జీపు ముందు హౌసింగ్ (రెండు చక్రాలనూ కలిపే గట్టి ఇరుసు), కమాన్ పట్టీలతో వేయించాలని ఉంది.

నాకు తెలిసిందింతే: ముందూ వెనకా క్రౌన్ పినియన్ (ఇరుసులోని పళ్ల చక్రాల జత) రేషియో కలవాలి, లేకపోతే ఫోర్ వీల్‌లో గట్టి నేల మీద గేర్లు బిగుసుకుపోతాయి. డిఫరెన్షియల్ గుండు (ఇరుసు మీద ఆ పళ్ల చక్రాలుండే ఉబ్బు) ట్రాన్స్‌ఫర్ కేసు (ముందూ వెనక ఇరుసులకి బలం పంచే గేరు పెట్టె) షాఫ్ట్ వచ్చే వైపే ఉండాలి. రాక్ స్టీరింగ్ పనికిరాదు, స్టీరింగ్ బాక్స్ పెట్టాలి. మా సాలూరు మేస్త్రి మాత్రం "వెల్డింగేగా బాబూ" అంటాడు. ఆ మాటకే నాకు భయం!

చేతిలో లక్షన్నర ఉంది. హౌసింగ్ తుక్కులో దొరికినా, స్టీరింగ్ బాక్స్, బ్రేకు పైపులు, కొత్త ప్రొపెల్లర్ షాఫ్ట్ (ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి ఇరుసుకి వచ్చే పొడవు షాఫ్ట్), బ్రాకెట్ల కూలీ కలిపితే సరిపోతుందా? దేనికి ఎక్కువ పోతుంది? ఇంకోటి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇలాంటి మార్పు కుదరదంటున్నారు. 182ఎ కింద ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చట. చేయించినవాళ్లు ఎవరైనా ఉంటే ఆర్టీఓ దగ్గర, ఇన్సూరెన్స్ దగ్గర ఏమైందో చెప్పండి. లేదా ఇది అమ్మేసి, పుట్టుకతోనే ముందు హౌసింగ్ ఉన్న బండి కొనుక్కోవడమే మేలా?