సుగంధిపాల పొడిలో మారేడు గడ్డ కలిసిందా? ఎఫ్‌టీఐఆర్‌తో తేల్చడం ఎలా

ప్రశ్న (విజయనగరం నుంచి)

సుగంధిపాల (హెమిడెస్మస్ ఇండికస్) పేరుతో వచ్చే వేరు పొడిలో మారేడు గడ్డ (డెకాలెపిస్ హామిల్టోని) కలిసిందో లేదో చూడాలండి. వేరు రూపంలో ఉన్నప్పుడు కంటికే తెలుస్తుంది. సుగంధిపాల వేరు పుల్లలా సన్నగా, గట్టిగా ఉంటుంది, మారేడు గడ్డ లావుగా కండపట్టి ఉంటుంది. పొడి కొట్టాక రెండూ ఒకటే, వాసన కూడా ఒకటే. ఎఫ్‌టీఐఆర్‌లో (పదార్థం పరారుణ కాంతిని ఎక్కడెక్కడ పీల్చుకుంటుందో గ్రాఫుగా చూపే పరికరం) డైమండ్ ఏటీఆర్ మీద, అంటే పొడిని వజ్రపు స్ఫటికం మీద నొక్కి, 4000 నుంచి 400 వరకు (అంకెలన్నీ తరంగ సంఖ్యలు, సెం.మీ.⁻¹లలో), రిజల్యూషన్ 4, 32 స్కాన్లు తీశాం. రెండింటి గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. పీసీఏ (గ్రాఫుల మధ్య పెద్ద తేడాలను కొన్ని అక్షాల మీద చూపే లెక్క) చేస్తే మొక్కల వారీగా కాకుండా స్కాన్ చేసిన తేదీల వారీగా గుంపులు కడుతోంది. 1650 దగ్గర సువాసన పదార్థం పీక్ పట్టుకుంటే సరిపోదా?

జవాబు 1 (శ్రీకాకుళం)

ఆ పీక్ జోలికి పోకండి. రెండు వేళ్లకూ వాసన ఇచ్చేది 2-హైడ్రాక్సీ-4-మెథాక్సీ బెంజాల్డిహైడే. అది కనబడినా ఏ మొక్కో చెప్పదు. పైగా పొడిలో అది చాలా కొద్దిగా ఉంటుంది. 1640 దగ్గర నీటి పట్టీ (నీరు కాంతిని పీల్చుకునే చోటు), దాని పక్కనే ప్రోటీన్ల పట్టీ ఉంటాయి కాబట్టి వాటి కింద కలిసిపోతుంది.

తేదీల వారీగా విడిపోతోందంటే మొదట తేమనే అనుమానించాలి. సముద్రం దగ్గర కాబట్టి మన దగ్గర వానాకాలంలో మూత తీసిన కాసేపటికే పొడి తేమ పట్టేస్తుంది. 3300, 1640 పట్టీలు పెరిగితే ఆ పెరుగుదలనే పీసీఏ మొదటి అక్షం ఎత్తుకుంటుంది. వేళ్లను 40 డిగ్రీల దగ్గర బరువు నిలకడకు వచ్చేదాకా ఆరబెట్టి, 80 మెష్ జల్లెడ పట్టి, సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్ర) ఉంచి, సీసా తెరిచిన వెంటనే స్కాన్ చేయండి. గాలి బ్యాక్‌గ్రౌండ్ (శాంపిల్ లేకుండా తీసే స్కాన్) పొద్దున ఒక్కసారి తీసి ఊరుకోకుండా ప్రతి శాంపిల్‌కీ ముందు తీయండి.

పొడి మెత్తదనం చిన్న విషయం కాదు. ఏటీఆర్‌లో కిరణం పొడి లోపలికి రెండు మైక్రాన్లకు మించి పెద్దగా పోదు. గరుకు పొడి పెడితే స్ఫటికానికి ఒకసారి బెరడు తగులుతుంది, ఇంకోసారి పిండి భాగం. అందుకే ఒక్కో శాంపిల్‌ను అయిదుసార్లు తీసేసి మళ్లీ పెట్టి స్కాన్ చేయాలి, స్క్రూ ఒత్తిడి అన్నిసార్లూ ఒకేలా ఉండాలి. మధ్యలో ఐసోప్రొపనాల్‌తో తుడిచి, ఖాళీ స్ఫటికం గీత చదునుగా వస్తోందో లేదో చూడండి. 2920, 2850 దగ్గర చిన్న గుట్టలు మిగిలితే కిందటి శాంపిల్ కొవ్వు ఇంకా అంటుకునే ఉంది.

ప్రశ్న అడిగినవారు

ఇప్పటిదాకా 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టాం. తప్పా? కేబీఆర్ (పొటాషియం బ్రోమైడ్) పొడితో కలిపి నొక్కిన బిళ్లలు నయమా?

జవాబు 2

ఆ వాసన పదార్థం ఆవిరైపోయే రకం, 60 దగ్గర బాగా పోతుంది. దాన్ని బట్టి గుర్తించడం లేదు కాబట్టి నష్టం తక్కువే, కానీ అన్ని శాంపిల్స్‌నీ ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఆరబెట్టాలి. కేబీఆర్ అయితే తేమను ఇంకా లాగేసుకుంటుంది, ఏటీఆర్‌లోనే ఉండండి.

లెక్కల దగ్గర 1800 నుంచి 800 వరకు ఉన్న భాగాన్నే తీసుకోండి. 2300–2400 దగ్గర కార్బన్ డయాక్సైడ్, అంతకు కాస్త కింద డైమండ్ సొంత శోషణ ఉంటాయి, వాటితో పని లేదు. ఒత్తిడి తేడాల వల్ల వచ్చే ఎత్తుపల్లాలను ఎస్‌ఎన్‌వీ (ప్రతి గ్రాఫునూ ఒకే కొలతకు తెచ్చే లెక్క) సర్దుతుంది. తర్వాత సవిట్జ్‌కీ-గోలే రెండో డెరివేటివ్ (గ్రాఫును నునుపు చేస్తూ దాని వంపులను ఎత్తి చూపే లెక్క), 13 పాయింట్లతో మొదలుపెట్టండి. మామూలు గ్రాఫులో ఒక్క గుట్టలా కనబడే 1030 పట్టీ అప్పుడు ముక్కలుగా విడిపోతుంది. 1735, 1510, 1240, 1030 పట్టీల నిష్పత్తులు అన్నీ కలిపి చూడాలి, ఒక్క పీక్‌తో తీర్పు ఇవ్వకూడదు.

చాలామంది తప్పేది, గ్రాఫును చూసి జాతి చెప్పే లెక్కల మోడల్‌ను పరీక్షించే దగ్గర. ఒకే మొక్క అయిదు స్కాన్లలో మూడు శిక్షణకీ రెండు పరీక్షకీ పంచితే నూరు శాతం కచ్చితత్వం వచ్చేస్తుంది, అది ఉత్తి భ్రమ. ఒక మొక్క స్కాన్లన్నీ ఒకే వైపు ఉండాలి. రెండు జాతులవీ వేర్వేరు చోట్ల, వేర్వేరు కాలాల్లో తవ్వినవి చేర్చండి. లేకపోతే మోడల్ జాతిని కాక మట్టిని నేర్చుకుంటుంది.

జవాబు 1

ఒక మాట మరిచాను. ప్రతి మూల శాంపిల్‌కీ ఆకు, పువ్వుతో ఉన్న హెర్బేరియం నమూనా (ఆరబెట్టి భద్రపరిచిన మొక్క) ఉండాలి, వృక్షశాస్త్రం తెలిసినవారు దాన్ని చూసి జాతి తేల్చాలి. దుకాణం చీటీ మీది పేరు పనికిరాదు. కల్తీ శాతం చెప్పాలంటే 5, 10, 20, 40 శాతాల మిశ్రమాలు తూచి కలుపుకోండి. మొత్తం 2 గ్రాములు చొప్పున, కల్వంలో బాగా నూరి. 5 శాతం మిశ్రమం స్వచ్ఛమైన దానితో కలిసిపోతే, అంతకు పైనుంచే చెప్పగలమని రిపోర్టులో రాయండి. అనుమానం వచ్చిన బ్యాచ్‌ను మైక్రోస్కోప్ కింద, హెచ్‌పీటీఎల్‌సీ (పదార్థాలను పలక మీద విడగొట్టి చూపే పరీక్ష) ప్లేట్ మీద మళ్లీ చూశాకే తిరస్కరించండి.