గడియారస్తంభం సెంటర్ ఖాళీ అయిపోతోంది, జనమే కలిసి బాగు చేసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

స్తంభంసెంటర్_వాసి:

మాది కోస్తాలో ఒక చిన్న మున్సిపాలిటీ. ఊరి పేరు కావాలనే రాయడం లేదు, రాస్తే సాయంత్రానికల్లా ఎవరో ఒకరు మా నాన్నకి ఫోన్ చేస్తారు. ఊరి నడుమ గడియారస్తంభం, దాన్నించి నాలుగు బజార్లు. బట్టల కొట్లు ఒక వీధి, కిరాణా హోల్‌సేల్ ఒక వీధి, వెండి బంగారం ఇత్తడి సామాను ఇంకో వీధి, నాలుగోది కూరగాయల మార్కెట్‌కి పోయేది. చుట్టుపక్కల పల్లెల నుంచి పెళ్ళి బట్టలకి, శ్రావణ మాసం నోములకి, సంక్రాంతికి జనం ఇక్కడికే వచ్చేవాళ్ళు. బస్టాండ్ బైపాస్ మీదికి మారిపోయాక ఆ సందడి పోయింది. బస్సు దిగినవాడు అక్కడే ఉన్న పెద్ద షోరూముల్లో దూరి, అక్కణ్ణుంచే తిరుగు బస్సెక్కేస్తున్నాడు. మిగతాది ఫోన్లో ఆర్డర్. మా బజార్లో ఏడున్నరకే షట్టర్లు దింపేస్తున్నారు, కొన్నయితే అసలు ఎత్తడమే లేదు, తాళాలకి తుప్పు పట్టింది.

ఇప్పుడు మున్సిపాలిటీ వాళ్ళు సుందరీకరణ అంటున్నారు. ప్లాను వాట్సాప్‌లో తిరుగుతోంది: స్తంభం చుట్టూ ఫౌంటెన్, రంగుల లైట్లు, స్టీలు రెయిలింగ్, "ఐ లవ్" అని ఊరి పేరుతో నిలువెత్తు అక్షరాలు. తోపుడు బండ్లవాళ్ళని ఊరి చివర షెడ్డులోకి పంపుతారట. పోయినసారి పార్కులో కట్టిన ఫౌంటెన్ దోమలకి తప్ప ఎవరికీ ఉపయోగపడలేదు కాబట్టి నాకు దీని మీద పెద్ద నమ్మకం లేదు.

మేం కొంతమందిమి ఉన్నాం, కొందరు ఇక్కడే వ్యాపారాలు, కొందరు వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని వెనక్కి వచ్చినవాళ్ళు. గోడలకి బొమ్మలు వేయిద్దామని ఒకడు, ఆదివారం ఫుడ్ స్ట్రీట్ పెడదామని ఇంకొకడు. డబ్బు పెద్దగా లేదు. ఇలాంటివి చేసినవాళ్ళు, దగ్గరుండి చూసినవాళ్ళు ఉంటే ముందు ఏది ముట్టుకోవాలో, ఏది ముట్టుకోకూడదో చెప్పండి.

చీరలకొట్టు_వారసుడు:

బ్రదర్, మీ ఊరు ఏదో గానీ అచ్చం మా ఊరే. మూడు తరాలుగా మాకు బట్టల కొట్టు. గోడ మీద బొమ్మ చూసి చీర కొనే మనిషిని నేను ఇంతవరకు చూళ్ళేదు.

షాపులు ఎందుకు మూతబడ్డాయో ముందు కనుక్కోండి. వ్యాపారం లేక మూసినవి కొన్నే. మా వీధిలో తాళం వేసిన వాటిలో సగం అన్నదమ్ముల వాటాలు తేలక మూసినవి. ఇంకొన్ని పాత అద్దెవాడు ఖాళీ చేయడానికి ఏళ్ళు పట్టించాడని ఓనర్ భయపడి ఎవరికీ ఇవ్వకుండా ఉంచినవి. ఇచ్చేవాడు కూడా అడ్వాన్స్ అంటూ కొండంత అడుగుతాడు, కొత్తగా కొట్టు పెట్టే కుర్రాడు దానికే బెదిరిపోయి బైపాస్ రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకుంటాడు. ఆ తాళాల సంగతి తేలకుండా మీరు ఎన్ని దీపాలు పెట్టినా మూసిన షట్టర్లకి వెలుగే.

ఇంకోటి, పార్కింగ్. బండి ఆపే చోటు లేకే జనం రావట్లేదని మా అసోసియేషన్‌లో అందరూ అంటారు, నేనూ అంటాను. రోడ్డు మీద తోపుడు బండ్లు పెట్టేవాళ్ళ మీద కూడా మాకు కోపమే, మేం కరెంటు బిల్లు, ట్రేడ్ లైసెన్స్, జీఎస్టీ కడుతుంటే మా మెట్ల ముందే అదే నైటీ సగం రేటుకి అమ్ముతారు. మీరు బజారుని బాగుచేస్తాం అంటూ వాళ్ళ పక్షమే మాట్లాడితే కొట్లవాళ్ళు ఒక్కరు కూడా మీ మీటింగుకి రారు, ముందే చెప్తున్నా.

టౌన్‌ప్లానింగ్_బాబాయ్:

మున్సిపాలిటీల్లోనే టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. సుందరీకరణ ఫైళ్ళు చాలానే చూశాను. ఎస్టిమేటులో ఫౌంటెన్ ఉంటుంది, దాని మోటారు చెడిపోతే బాగుచేసే మనిషికి జీతం ఉండదు.

చీరలకొట్టు బాబూ, నీ పార్కింగ్ మాటతో మొదలుపెడతాను. ఒక శనివారం పొద్దున కొట్లు తెరిచే వేళకి వీధి చివర నిలబడి ఏ బండి ఎప్పుడు వచ్చి ఎప్పుడు కదిలిందో రాయించండి. మీ మెట్ల ముందు పొద్దుటి నుంచి రాత్రి దాకా కదలని బండ్లలో ఎక్కువ కొట్టు ఓనర్లవి, గుమస్తాలవి ఉంటాయి. నేను పనిచేసిన చోటల్లా ఇదే కథ. అవి పక్క సందులోకి మారితే కస్టమర్‌కి చోటు దానంతటదే వస్తుంది, దానికి టెండర్ అక్కర్లేదు.

వాసి గారూ, లెక్క అక్కడితో ఆపకండి. ఎవరు ఎక్కడ ఆగుతున్నారు, ఎక్కడ నీడ ఉంది, ఆడవాళ్ళు ఏ వేళకి వెళ్ళిపోతున్నారు, ఎందుకు, ఇవి కూడా రాయండి. న్యూయార్క్‌లో విలియం వైట్ అనే ఆయన 1970ల్లో కెమెరాలు పెట్టి మరీ చూసి తేల్చింది ఏమిటంటే, కూర్చోవడానికి వీలున్న చోటే జనం కూర్చుంటారని. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది, కానీ మన సెంటర్లలో కూర్చునే చోటు ఎక్కడుంది? పాత కొట్ల అరుగులు కొట్టేసి ర్యాంపులు కట్టుకున్నాం, విగ్రహం చుట్టూ గట్టు ఉంటే దాని మీద మొనదేలిన గ్రిల్లు పెట్టాం.

తోపుడు బండ్ల విషయం చట్టంతో పని. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. సర్వే చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఆ తర్వాత తరలించాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ప్రతి ఊరికీ టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, కమిషనర్ ఛైర్మన్, సభ్యుల్లో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఎన్నుకున్నవాళ్ళు, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు. యాభై ఏళ్ళకి పైగా జరుగుతున్న సంతలాంటి చోటుని హెరిటేజ్ మార్కెట్‌గా గుర్తించాలని కూడా చట్టం షెడ్యూలులో ఉంది. మీ కూరగాయల వీధికి అంత వయసు ఉండే ఉంటుంది, పాత రసీదులు, ఫొటోలు ఎవరింట్లోనో దొరుకుతాయి. కమిటీ ఉందా, ఎప్పుడు కూర్చుంది, మినిట్స్ ఇవ్వండి అని సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో జవాబు రావాలి. చాలా చోట్ల ఆ అర్జీ వెళ్ళాకే కమిటీ ఉన్న సంగతి ఆఫీసుకి గుర్తొస్తుంది.

చివరగా మరుగుదొడ్డి. సెంటర్లో ఆడవాళ్ళకి శుభ్రమైన మరుగుదొడ్డి లేకపోతే పల్లె నుంచి వచ్చిన కుటుంబం రెండు గంటలకి మించి ఉండదు. ఉన్నదానికి తాళం ఎందుకుంది, తాళంచెవి ఎవరి దగ్గరుంది, ముందు అది కనుక్కోండి.

యార్క్‌షైర్_కోడలు:

మాది గుంటూరు జిల్లా, పెళ్ళయ్యాక ఇంగ్లండ్ వచ్చాను. ఇక్కడ హై స్ట్రీట్లు ఖాళీ అవడం మన బజార్లకంటే ముందే మొదలైంది, ఊళ్ళకి ఊళ్ళే బోర్డులు దించేసిన కొట్లతో కనిపిస్తాయి. మా వైపు టాడ్‌మర్డెన్ అని చిన్న ఊరు ఉంది. 2008లో కొందరు ఆడవాళ్ళు మొదలుపెట్టి రోడ్డు పక్క ఖాళీ మట్టిలో, పోలీస్ స్టేషన్ ముందు, రైల్వే ప్లాట్‌ఫాం మీద కూరగాయలు, ఆకుకూరలు వేశారు, ఎవరైనా కోసుకోవచ్చు. చాలా చోట్ల పర్మిషన్ కోసం ఆగలేదు. విచిత్రం ఏమిటంటే ఆ మొక్కలు చూడ్డానికి బయటివాళ్ళు రావడం మొదలైంది, వచ్చినవాళ్ళు మార్కెట్లో కొనడమూ మొదలైంది. ఆ ఊళ్ళోనే గుడ్లు ఎవరింట్లో దొరుకుతాయో ఒక మ్యాపు మీద గుర్తులు పెట్టి జనానికి చూపించారు, చిన్న పనే గానీ పక్కింటి కోళ్ళ గుడ్లకి గిరాకీ వచ్చింది.

మన దగ్గర రోడ్డు పక్క తోటకూర వేస్తే తెల్లారేసరికి ఆవులు తినేస్తాయి, దాన్ని కాపీ కొట్టమని నేను చెప్పట్లేదు. వాళ్ళు అప్పటికే ఊళ్ళో ఉన్నదాన్ని పట్టుకున్నారు, అది చూడండి. మీ ఊళ్ళో ఉన్నది ఏది? ఇత్తడి సామాను వీధి అన్నారు, ఇత్తడి బిందెలకి కళాయి వేసేవాళ్ళు ఇంకా ఉన్నారా? ఉంటే మీ ఫుడ్ స్ట్రీట్ కన్నా నేను దానికే వస్తాను. ఇండియాకి వచ్చినప్పుడల్లా మా అత్తగారి పాత గిన్నెలు పట్టుకుని కళాయి వేసేవాడి కోసం ఊరంతా తిరుగుతుంటాను.

తాళాల సంగతికి ఇక్కడ చట్టమే తెచ్చారు. రెండేళ్ళలో ఏడాది పాటు ఖాళీగా ఉన్న కొట్టు అద్దె హక్కుని కౌన్సిల్ వేలం వేయొచ్చు, ఓనర్ ఇష్టం లేకపోయినా సరే, 2024 చివర్లో అమల్లోకి వచ్చింది. మన దగ్గర అలాంటిది లేదు కాబట్టి ఓనర్లని బతిమాలుకోవాల్సిందే. మన వాళ్ళు మామూలుగా 11 నెలల అగ్రిమెంటు రాసుకుంటారు కదా. ఇంకా చిన్నది, శ్రావణ మాసం నాలుగు వారాలకే అడిగి చూడండి. అద్దె ఇంత, తేదీ ఇది, ఆ రోజుకి తాళం చేతికిస్తాం, ఇద్దరు పెద్దమనుషులు పూచీ. భయం పోవాలంటే ఒకసారి ఇచ్చి వెనక్కి తీసుకోవాలి, అంతకు మించి మార్గం లేదు.

మోజంజాహీ_ఐస్‌క్రీం:

హైదరాబాద్ నుంచి. మొజంజాహీ మార్కెట్ సంగతి చెప్తా. 1935లో కట్టిన రాతి మార్కెట్, గడియారం బురుజుతో. కొన్నేళ్ళ కింద దాని లోపలి ఆవరణ చూస్తే పార్కింగ్, చెత్త, నెత్తిన వేలాడే వైర్లు. 2018లో మరమ్మతు మొదలై 2020 ఆగస్టులో తెరిచారు. రాయి కడిగారు, కప్పు బాగుచేశారు, అన్నీ మంచివే. కానీ అసలు మార్పు ఏంటంటే లోపలి నుంచి బండ్లు బయటికి పంపించేసి ఆ నడిమి జాగా మనుషులకి వదిలారు, పాత ఐస్‌క్రీం షాపులు అక్కడే ఉన్నయి. రాత్రి పూట పిల్లల్ని తీసుకుని వచ్చి కప్పు పట్టుకుని అక్కడే కూర్చుంటారు. కొత్తగా పెట్టింది తక్కువ, ఉన్నదానికి అడ్డు తీసింది ఎక్కువ.

ఇది ఆఫీసర్లు పట్టుబట్టి చేసింది, జనం చేసింది కాదు, ఆ తేడా ఉంది. జనం పూనుకుంటే ఎలా ఉంటుందో బన్సీలాల్‌పేట మెట్లబావి దగ్గర చూడొచ్చు. ఏళ్ళ తరబడి చెత్తతో పూడిపోయిన బావి, ఒక స్వచ్ఛంద సంస్థ, మున్సిపల్ వాళ్ళు, బస్తీవాళ్ళు కలిసి తవ్వి తీస్తే 2022 డిసెంబర్‌లో తెరిచారు. ఎప్పుడైనా పొద్దున పూట పోయి చూడండి.

బండ్లని షెడ్డులోకి తోలే ముచ్చట చెన్నైలో జరిగింది. టీ నగర్ పాండీ బజార్‌లో ఫుట్‌పాత్ వ్యాపారులని 2013లో ఒక కాంప్లెక్స్‌లోకి పంపించారు, మెట్లెక్కి పైకి ఎవరొస్తారని వాళ్ళు మొత్తుకున్నారు. ఆ తర్వాత 2019లో అదే రోడ్డుని వెడల్పు ఫుట్‌పాత్‌లతో నడిచేవాళ్ళకి అనువుగా మార్చారు, నడవడానికి నిజంగా బాగుంది, నేను పోయి చూసిన. అంటే రెండూ ఒకే రోడ్డు మీద జరిగినయి, నడిచేటోడికి మేలు, అమ్ముకునేటోడికి దెబ్బ. మీ ప్లానులో ఎవరికి ఏది పడుతుందో ముందే చూస్కోండి.

స్తంభంసెంటర్_వాసి:

అందరికీ థ్యాంక్స్. కళాయి వేసే ఆయన ఒక్కరే ఉన్నారండి, పెద్దాయన, ఆయన కొడుకు సెల్ రిపేర్ షాపు పెట్టుకున్నాడు. బాబాయ్ గారు చెప్పిన లెక్క ఈ శనివారమే చేస్తాం. మరుగుదొడ్డి తాళంచెవి పక్క టీ కొట్టు ఆయన దగ్గర ఉందట, అడిగితే "ఆఫీసర్లు వస్తే తీస్తాను" అన్నాడు!

ఒక డౌటు. మొదట ఒక్క సాయంత్రం బట్టల వీధిలోకి వాహనాలు రాకుండా ఆపి చూద్దాం అనుకుంటున్నాం. ఏ రోజయితే మంచిది?

బజ్జీబండి_వాళ్ళమ్మాయి:

ఇంతసేపూ బండ్లవాళ్ళ గురించి అందరూ మాట్లాడారు కాబట్టి నేనూ రాస్తున్నా. మా అమ్మ ఇరవై ఏళ్ళ పైనుంచి మిర్చి బజ్జీలు వేస్తోంది, నేను చదువుకుంది ఆ డబ్బుతోనే. వీధి వ్యాపారులకి ఇచ్చే స్వనిధి లోను తీసుకుంది, కట్టేసింది, ఐడీ కార్డు కూడా ఉంది. అయినా ఎవరైనా పెద్ద నాయకుడు వస్తున్నాడంటే ఆ పూట బండి తీసేయమంటారు, కలిపిన పిండి పారబోయాల్సిందే.

చీరలకొట్టు అన్నా, మీకు నైటీల వాళ్ళ మీద కోపం ఉంటే ఉండొచ్చు, అందరినీ ఒకే గాటన కట్టకండి. మీ కొట్లో పెళ్ళి బట్టలు తీసే వాళ్ళు గంటలు గంటలు కూర్చుంటే మీ గుమస్తాలే మా బండి దగ్గరికి వచ్చి ప్లేట్లు పట్టుకెళ్తారు. మేం ఊరి చివరికి పోతే వాళ్ళు టీకీ టిఫిన్‌కీ ఎక్కడికి వెళ్తారు?

అమ్మని అడిగాను, సెంటర్లో నీకేం కావాలని. నీళ్ళ కుళాయి, చెత్త వేయడానికి డబ్బా, రాత్రి తొమ్మిది దాకా వీధి లైటు, వాన వస్తే నిలబడ్డానికి చోటు. పొద్దున ఒకచోట రాత్రి ఒకచోట కాకుండా "ఇది నీ జాగా" అని నేల మీద ఒక తెల్ల గీత. ఫౌంటెన్ అడగలేదు.

రోజు గురించి: ఆదివారం వద్దు, ఆదివారం బట్టల కొట్లు చాలావరకు మూసే ఉంటాయి, ఖాళీ వీధి మూసి ఏం చూస్తారు? శ్రావణ శుక్రవారం ముందు రోజు పెట్టండి. పూలవాళ్ళు, తమలపాకులవాళ్ళు, జాకెట్ ముక్కలవాళ్ళు అందరూ ఎలాగూ ఆ రోజు రోడ్డు మీదే ఉంటారు.

చీరలకొట్టు_వారసుడు:

గురువారం అయితే మా వాళ్ళని నేను ఒప్పిస్తా. మా గుమస్తాలు తినేది మీ అమ్మగారి బజ్జీలని నాకు తెలియదు, ఇప్పటిదాకా బిల్లు మాత్రం నా ఖాతాలోనే రాస్తున్నారు.

టౌన్‌ప్లానింగ్_బాబాయ్:

అమ్మాయి చెప్పిన రోజే సరి. అర్జీ మున్సిపల్ కమిషనర్‌కి ఒకటి, ట్రాఫిక్ పోలీసులకి ఒకటి, రెండూ కనీసం పదిహేను రోజుల ముందు ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. "రోడ్డు మూసివేత" అని రాయకండి, భయపడతారు. "సాయంత్రం 5 నుంచి 9 వరకు వాహనాల మళ్ళింపు, ప్రయోగాత్మకంగా" అని రాయండి. అంబులెన్సుకి, ఫైర్ ఇంజన్‌కి దారి ఎటో చిన్న స్కెచ్ గీసి జతచేయండి. కొట్లవాళ్ళ సంతకాలు, బండ్లవాళ్ళ సంతకాలు ఒకే కాగితం మీద ఉండాలి, విడివిడిగా వద్దు. ఆ నాలుగు గంటలూ మరుగుదొడ్డి తెరిచి ఉంచాలని అదే అర్జీలో ఒక వాక్యం కలపండి.